చీర తిరగేసి చూస్తే

మొదటి ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌తో అమ్మకి పోచంపల్లి చీర కొన్నాను. అమ్మ మడత విప్పి, తిరగేసి చూసి, "బాగుందిరా, కానీ ఇది ప్రింటు" అంది. వెనకవైపు రంగు వెలిసినట్టుంది. డబ్బుల కంటే, నా కంటికి తేడా తెలియనందుకే సిగ్గేసింది. డిజైన్ అదే, రంగులు అవే. మరి ఒకటి కళ, ఇంకోటి నకలు ఎలా అయ్యాయి?

ప్రింటు చీరలో బట్ట నేశాక బొమ్మ వేస్తారు. ఇక్కత్‌లో బట్ట పుట్టకముందే బొమ్మ దారం మీద ఉంటుంది. నూలు మీద లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. మగ్గం మీద ఆ దారాలు పక్కపక్కన చేరినప్పుడే బొమ్మ కనిపిస్తుంది. రంగు దారానిదే కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దారం కాస్త జరిగినా, కట్టు కిందికి రంగు పాకినా అంచు చెదురుతుంది. ఇక్కత్‌లో కనిపించే మసక అలా వచ్చిందే. ప్రింటులో ఆ మసకని కూడా గీస్తారు!

అయితే చేత్తో చేస్తేనే కళ అని తేల్చేద్దామా? అక్కడ చింతకింది మల్లేశం గారు గుర్తొస్తారు. ఇక్కత్ కోసం నూలును కొయ్యల చుట్టూ తిప్పి పరచడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి పడే నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పోసిన ఆసుతో నేసిన చీరని ఎవరూ నకిలీ అనరు. ఎందుకంటే ఎక్కడ కట్టాలి, ఎంతసేపు ముంచాలి, దారాన్ని ఎలా సర్దాలి అన్నవి ఇంకా మనిషి చేతిలోనే ఉన్నాయి.

బ్రిటిష్ డిజైనర్ డేవిడ్ పై 1968లో తెచ్చిన పుస్తకంలో పనిని ఇలాగే విడదీశాడు. ఒకటి, చివరిదాకా చెడిపోయే అవకాశం ఉన్న పని. రెండోది, మొదలుకాక ముందే ఫలితం ఖాయమైపోయిన పని. చెయ్యా, యంత్రమా అన్నది ఆ తర్వాతి మాట.

అలాగని రిస్క్ ఉన్న ప్రతిదీ కళ కాదు. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో నేను ఆకురాయితో అరగదీసిన వీ-జాయింట్‌లో బోలెడంత రిస్క్ ఉంది, కళ మాత్రం లేదు! ఆ రిస్క్‌ని దాటించే నేర్పు, ఇలా ఉండాలి అనే ఊహ రెండూ కలవాలి. ఆ లెక్కన ప్రింటు డిజైన్ గీసినవాడిలోనూ కళాకారుడు ఉండొచ్చు. తప్పల్లా దాన్ని నేత చీరగా అమ్మడంలోనే ఉంది.

రేపు యంత్రాలు చేయబోయేది మనమే. అందుకే ఒక ప్రశ్న దగ్గర పెట్టుకుందాం: మనం చేసే యంత్రం మనిషి నొప్పిని తీసేస్తుందా, నిర్ణయాన్ని తీసేస్తుందా?

ఆ ప్రింటు చీర అమ్మ ఇప్పటికీ కడుతుంది. నేను మాత్రం ఇప్పుడు ఏ చీరైనా తిరగేసి చూస్తున్నాను.