బావిలోని ప్రతిధ్వని: అది తెలుపునదియు, తెలుపనిదియు

సన్నని త్రాటిని లావైన మోకునకు ముడివేసి, మోకు రెండవ కొనను గుంజకు గట్టి, త్రాటి నొక్కసారి విదిలింతము. అల త్రాటివెంట బోయి ముడిని జేరును. అచ్చట గొంత మోకులో బ్రవేశించును. కొంత వెనుకకు మరలును. రెండును ఒకే విధమైన త్రాళ్లయినచో అల యించుమించు మరలకయే సాగిపోవును. కావున తరంగము మరలుటకు గోడయే యుండనక్కరలేదు. పదార్థము మారిన జాలును.

ధ్వనియు నొక తరంగమే. పదార్థముయొక్క సాంద్రతను అందు ధ్వని పోవు వేగముచే గుణింపగా నొక సంఖ్య వచ్చును. రెండు పదార్థముల సంఖ్యలలో నొకటి రెండవదానికి ఎన్ని యెక్కువ రెట్లున్న, వాని సరిహద్దున ధ్వని యంత యెక్కువగా మరలును. నీటిసంఖ్య గాలిసంఖ్యకు సుమారు 3,500 రెట్లు. అందుచే గాలినుండి నీటిపై దిన్నగా బడిన ధ్వనిశక్తిలో వేయింట నొకపాలు మాత్రమే లోనికి జొచ్చును.

జిన్నారము రైతులకు దీనివలని ప్రయోజన మేమి? గాలిలో ధ్వనివేగము సెకండునకు సుమారు 1,100 అడుగులు. బోరుబావిలోనికి బంపిన ధ్వని అరసెకండులో తిరిగివచ్చెనేని, పోకరాకలు కలిసి 550 అడుగులు. నీరు 275 అడుగుల లోతున నున్నదన్నమాట. చెవితో నింత స్వల్పకాలము గొలుచుట కష్టము. అందులకు సాధనములు గలవు. మోటారు నాపి, మట్టము నిలుకడకు వచ్చిన పిమ్మట నెలకొకమారు కొలిచి వ్రాసియుంచిన యెడల, వరి నాటవచ్చునో, ఆరుతడి పైరే మేలో ముందుగానే యోచించుకొనవచ్చును.

భూమిలోను నిట్లే జరుగును. మన నేలలో మొరము క్రింద గట్టి నల్లరాయి గలదు. రాతిలో తరంగవేగము సెకండునకు 16,000 అడుగులకు మించవచ్చును. మొరములో మిక్కిలి తక్కువ. నేలపై సమ్మెటతో గొట్టి, వచ్చు తరంగముల కాలమును గొలిచి, రాయి యెంత లోతున నున్నదో శాస్త్రజ్ఞులు లెక్కింతురు. ఇట్టి భూభౌతిక పరిశోధనలకై హైదరాబాదున 1961లో జాతీయ సంస్థ యేర్పడినది.

అయితే నొక హెచ్చరిక. రాతి లోతు తెలిసినంతమాత్రమున రాతిపగుళ్లలో నీరున్నదని తేలదు. బావిలోని ప్రతిధ్వని నీటిమట్టమునే చెప్పును గాని, ఊట యెంతయో చెప్పదు. నీరు మంచిదో కాదో అసలే చెప్పదు. కార్మాగారముల నడుమ సేద్యము చేయు మనము నీటిని పరీక్షాలయమునకు బంపియే గుణము నెరుగవలెను. కావున ఎండిన బోరు ప్రక్కన మరియొక బోరునకు అప్పు చేయుటకు ముందు ఈ మూటిని, అనగా మట్టము, ఊట, గుణములను, వేర్వేరుగా విచారింపుడని సభ్యులను గోరుచున్నాము.