ఆరు రేకుల పువ్వు: అమ్మ ముగ్గు నేర్పిన డీబగ్గింగ్

ఫ్రెండ్స్, ముందే ఒక నిజం చెప్తాను. పోయిన సెమిస్టర్‌లో ఒక ల్యాబ్ ప్రోగ్రామ్ నేను రాయలేదు. ఫ్రెండ్ కోడ్ తీసుకుని పేర్లు మార్చి సబ్మిట్ చేశాను. వైవాలో "ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగితే నోరు పెగల్లేదు. అందుకే ఈసారి సెలవుల్లో ధర్మసాగర్‌లో మా ఇంట్లో కూర్చుని, ఒక్క ప్రోగ్రామైనా మొదటి నుంచి చివరిదాకా సొంతంగా రాయాలనుకున్నాను. సంక్రాంతికి అమ్మ వాకిట్లో వేసే ఆరు రేకుల పువ్వు స్క్రీన్ మీద రావాలి. అంతే.

లాంగ్వేజ్ రాకెట్. ఇది లిస్ప్ కుటుంబంలోది. లిస్ప్‌ని జాన్ మెకార్తీ 1958లో మొదలుపెట్టారు. పిల్లలు తాబేలుతో బొమ్మలు గీసే లోగో (1967) కూడా ఈ కుటుంబమే. ఇందులో ప్రతిదీ బ్రాకెట్లో ఉంటుంది, చేయాల్సిన పని ముందు వస్తుంది. రెండు, మూడు కూడాలంటే (+ 2 3) అని రాయాలి. రాకెట్‌లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ముందే ఉన్న ఫంక్షన్లకి కూడా కొత్త పేర్లు ఇచ్చుకోవచ్చు. నేను అలాగే చేశాను.

పువ్వుకి గణితంలో రోజ్ కర్వ్ ఉంది. మధ్య నుంచి ఎంత దూరం అనేది కోణాన్ని బట్టి మారుతుంది. ముందు తేలికైనది చూద్దామని లోపల 4 పెట్టాను, దానికి ఎనిమిది రేకులు రావాలి:

(నిర్వచించు (వ్యాసార్ధం థ)
  (* 200 (కొసైన్ (* 4 థ))))

(నిర్వచించు (బిందువు థ)
  (జాబితా (* (వ్యాసార్ధం థ) (కొసైన్ థ))
          (* (వ్యాసార్ధం థ) (సైన్ థ))))

థ విలువ 0 నుంచి 360 దాకా ఒక్కొక్కటే పెంచుతూ, వచ్చిన బిందువుల్ని వరసగా గీతలతో కలిపాను. రన్ కొట్టాను.

మొదటి బగ్: చిక్కుపడ్డ దారం

పువ్వు రాలేదు. దారం ఉండ చిక్కుపడితే ఎట్లుంటదో అట్ల వచ్చింది. నేనేం చేశానంటే, మనందరం చేసేదే. 4 తీసి 5 పెట్టాను. 200 తీసి 100 పెట్టాను. బ్రాకెట్లు అటూ ఇటూ జరిపాను. గంట గడిచింది, చిక్కు రకరకాలుగా మారింది తప్ప విడిపోలేదు.

అమ్మ వచ్చి చూసింది. "ఇదేం ముగ్గు బిడ్డా? ఏడ తప్పింది?" అంది.

"తెల్వదమ్మా, అంతా తప్పే."

"అంతా ఎట్ల తప్పుతది? మొదటి చుక్క కాడికి పో. ఆడికెళ్లి చూసుకుంట రా."

అమ్మ ముగ్గు తప్పినప్పుడు మొత్తం చెరిపెయ్యదు. ముందు చుక్కలు లెక్కపెడుతుంది. చుక్కలు సరిగ్గా ఉంటే గీత ఎక్కడ తప్పిందో వెతికి, అక్కడిదాకా మాత్రమే చెరుపుతుంది. నేను కూడా బొమ్మ వదిలేసి చుక్కలు అడగడం మొదలుపెట్టాను. రాకెట్‌లో ఇది సులువు. కింద విండోలో ఫంక్షన్ పేరు, విలువ టైప్ చేస్తే జవాబు చెప్తుంది. (బిందువు 0) అంటే (200 0) వచ్చింది. కరెక్ట్. తర్వాత (బిందువు 90). కాగితం మీద నేను వేసిన లెక్క ప్రకారం (0, 200) రావాలి. వచ్చింది సుమారు (25.4, -50.7).

అక్కడ దొరికింది. రాకెట్‌లో సైన్, కొసైన్ డిగ్రీలు తీసుకోవు, రేడియన్లు తీసుకుంటాయి. నేను 90 డిగ్రీలు అనుకుంటే అది 90 రేడియన్లు అనుకుంది. సున్నా మాత్రం రెండిట్లోనూ సున్నానే, కాబట్టి మొదటి చుక్క నన్ను మోసం చేసింది. టెస్ట్ చేసేటప్పుడు సున్నా ఒక్కటే చూసి వదిలేయకూడదని అప్పుడు తెలిసింది.

కంగారులో (* థ (/ పై 180)) అనే మార్పుని వ్యాసార్ధంలో మాత్రమే పెట్టాను. మళ్లీ చిక్కే, ఎందుకంటే బిందువులో ఇంకా డిగ్రీలే పోతున్నాయి. చివరికి లూప్‌లో ఒక్కచోటే మార్చి, లోపల అన్ని ఫంక్షన్లకీ రేడియన్లే పంపాను. ఎనిమిది రేకులూ విచ్చుకున్నాయి. ఇప్పుడు 90 డిగ్రీల దగ్గర సున్నా ఉండాల్సిన చోట సున్నాకి అతి దగ్గరి చిన్న సంఖ్య వస్తుంది. అది బగ్ కాదు. పై విలువని కంప్యూటర్ పూర్తిగా దాచుకోలేదు, అంతే.

చిక్కులో దొరికిన 22/7

పాత తప్పు కోడ్‌ని ఊరికే పారెయ్యబుద్ధి కాలేదు. గీతలు తగ్గించి చూశాను: 10, 20, 30... సరిగ్గా 44 గీతల దగ్గర ఆ దారం మొదలైన చోటికే వచ్చినట్టు కనిపించింది. లెక్క చూస్తే మొదటి చుక్కకి మూడున్నర పిక్సెళ్ల దూరంలో ఆగింది. ఎందుకు 44?

ఒక పూర్తి చుట్టు 2π రేడియన్లు. ఏడు చుట్లు అంటే 14π, అంటే 43.98. దాదాపు 44. రెండు వైపులా 14తో భాగిస్తే π సుమారు 44/14, అదే 22/7! ఏడో తరగతి నుంచి కళ్లు మూసుకుని వాడుతున్న 22/7 నా బగ్‌లో బొమ్మగా కనిపించింది. ఆ మూడున్నర పిక్సెళ్ల సందు ఎందుకంటే 22/7 అసలు π కన్నా కొంచెం ఎక్కువ కాబట్టి.

రెండో బగ్: ఆరు రేకులు ఎందుకు రావు?

ఎనిమిది వచ్చాయి కదా, ఇక ఆరు ఎంత పని అనుకున్నా. 4 బదులు 3 పెడితే మూడే రేకులు వచ్చాయి. 6 పెడితే పన్నెండు. మళ్లీ అమ్మ పద్ధతే: చుక్కలు అడుగు. 3 పెట్టి 0 డిగ్రీలు అడిగితే (200, 0). 180 డిగ్రీలు అడిగితే ఎడమ పక్కకి పోవాలి కదా, మళ్లీ (200, 0) వచ్చింది! అక్కడ వ్యాసార్ధం -200. మైనస్ దూరం అంటే ఎదురు దిక్కుకి నడవడం. ఎడమకి తిరిగి వెనక్కి నడిస్తే కుడి పక్కకే చేరతాం. అంటే ఆరు రేకులూ గీస్తోంది కానీ, మూడింటి మీద మూడు పడుతున్నాయి. 4 పెట్టినప్పుడు 180 డిగ్రీల దగ్గర +200 ఉంటుంది, కాబట్టి అక్కడ కొత్త రేకు వస్తుంది. బేసి సంఖ్యకి అన్నే రేకులు, సరి సంఖ్యకి రెట్టింపు అనే రూల్ వెనక ఉన్నది ఇదే.

కోడ్‌లో తప్పు లేదు. నేను ఎంచుకున్న సూత్రానికే ఆరు రేకులు రావు. దానికి మందు, మైనస్ తీసేయడం:

(నిర్వచించు (వ్యాసార్ధం థ)
  (* 200 (పరమమూల్యం (కొసైన్ (* 3 థ)))))

ఆరు రేకులు వచ్చాయి. ఇంకో సంగతి. స్క్రీన్ మీద వై విలువ కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది, కాబట్టి బొమ్మ తలకిందులుగా పడుతుంది. నా పువ్వు పైనా కిందా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ తప్పు దాక్కుంది. కొసైన్ బదులు సైన్ పెట్టి మూడు రేకులు గీస్తే బయటపడింది. టెస్ట్‌కి అందమైన బొమ్మ కన్నా వంకర బొమ్మే మంచిది.

ముగ్గుల్లో లెక్క ఉందని నాకన్నా చాలా ముందే గుర్తించినవాళ్లున్నారు. గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే తమిళ కోలాల్ని కంప్యూటర్ సైన్స్ గ్రామర్లతో వివరిస్తూ పేపర్ రాశారు.

పువ్వుని ఫోన్లో అమ్మకి చూపించాను. కాసేపు చూసి, "మంచిగనే ఉంది గని, చుక్కలేవి?" అంది. తర్వాత ఏడు చుక్కలు, నాలుగు వరకు సందు చుక్క పెట్టి చూపించింది. 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37 చుక్కలు, ఆరు మూలలు. ఒక్కో మూలకి ఒక్కో రేకు. నాకు రెండు రోజులు పట్టిన "ఆరు" అమ్మ చుక్కల్లో మొదటి నుంచే ఉంది.

మీకో పని: పది రేకులు కావాలంటే ఏం మార్చాలి? రన్ కొట్టకముందే కాగితం మీద 0, 180 డిగ్రీల చుక్కలు పెట్టి చూడండి. ఈసారి వైవాలో ఏ లైన్ తీసేస్తే ఏమవుతుందో అడిగితే, నేను చెప్పగలను.