పరీక్షని కనిపెట్టిన కారు

పిల్లలూ, ఈ పాఠం పేరులోనే ఒక తమాషా ఉంది. "కనిపెట్టడం" అనే మాటకి రెండు అర్థాలున్నాయి. లేనిదాన్ని కొత్తగా తయారుచేయడం ఒకటి: రైట్ సోదరులు విమానాన్ని కనిపెట్టారు. ఎవరూ చెప్పకుండానే సంగతి పసిగట్టడం రెండోది: నేను హోంవర్క్ చేయలేదని అమ్మ కనిపెట్టేసింది. మనకి ఇక్కడ కావాల్సింది రెండోది. ఒక కారు తనకి పరీక్ష జరుగుతోందని కనిపెట్టేది. ఆ తర్వాత కొందరు మనుషులు ఆ కారు చేస్తున్న పనిని కనిపెట్టారు.

చదివే ముందు ఈ మాటలు ఒకసారి పైకి పలకండి.

ఉద్గారాలు: బండి పొగగొట్టం నుంచి బయటికి వచ్చే వాయువులు. ఇది పుస్తకాల మాట. ఇంట్లో మాట్లాడేటప్పుడు "పొగ" అంటే చాలు.
పరిమితి: ఇంతకంటే ఎక్కువ ఉండకూడదు అని పెట్టిన హద్దు.
యజమాని: వస్తువు ఎవరిదో వాళ్ళు. కారు యజమాని, ఇంటి యజమాని.
జరిమానా: తప్పు చేసినందుకు కట్టే డబ్బు.
పరిహారం: నష్టపోయినవాళ్ళకి ఇచ్చే డబ్బు.

చదువుదాం

అమెరికాలో కొత్త రకం కారు అమ్మాలంటే ముందు అది ఉద్గారాల పరీక్షలో నెగ్గాలి. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. ఒక గదిలో, పెద్ద రోలర్ల మీద జరుగుతుంది. చక్రాలు తిరుగుతాయి కానీ కారు కదలదు. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద మనం పరిగెత్తినట్టే! ఎంతసేపు నడపాలి, ఎప్పుడు ఎంత వేగం ఉండాలి అన్నదంతా ముందే రాసిపెట్టి ఉంటుంది.

డీజిల్ బండ్లలో ముఖ్యంగా చూసేవి నైట్రోజన్ ఆక్సైడ్లు. మన చుట్టూ ఉన్న గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. మామూలుగా ఒకదాని జోలికి ఒకటి పోదు. ఇంజన్ లోపల విపరీతమైన వేడి ఉంటుంది కాబట్టి అక్కడ కలిసిపోతాయి. అలా పుట్టిన వాయువుల వల్ల ఎండలో ఓజోన్ తయారై, నగరం మీద మసక కమ్ముతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకి అలాంటి రోజున ఊపిరి తీసుకోవడమే కష్టం.

దీనికి మందు ఉంది. యూరియా కలిపిన నీళ్ళు! వందలో 32.5 వంతులు యూరియా, మిగతాది శుభ్రమైన నీరు. ఐరోపాలో దీన్ని యాడ్‌బ్లూ అంటారు, అమెరికాలో డెఫ్ అంటారు. వేడి పొగలోకి దీన్ని చిమ్మితే అమ్మోనియా పుడుతుంది. ఆ అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లని మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ ఎంత ఎక్కువ చిమ్మితే ట్యాంకు అంత త్వరగా ఖాళీ అవుతుంది. యాభై అరవై వేల డాలర్లు పెట్టి ఖరీదైన ఎస్‌యూవీ కొన్నవాళ్ళు మాటిమాటికీ దాన్ని నింపుకోవాల్సి వస్తే విసుక్కుంటారు కదా! 10,000 మైళ్ళ సర్వీసు దాకా ట్యాంకు నిండుకోకూడదని కంపెనీ కోరిక.

ఇప్పుడు అసలు కథ. ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్, ఆడి క్యూ7, పోర్షే కయెన్ అనే మూడు ఎస్‌యూవీలూ ఒకే గ్రూపువి. వీటిలో వాడిన 3 లీటర్ల డీజిల్ ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో ఒక రహస్య ఏర్పాటు ఉంది. తాను ఉన్నది రోడ్డు మీదా, పరీక్ష గదిలోనా అని కారు పసిగట్టేది. పరీక్ష గదిలో అయితే పొగని శుభ్రంగా ఉంచేది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన నోటీసులో ఒక అంకె రాసింది: 1,370 సెకన్లు. ఆ అంకెని 60తో భాగించి చూడండి. 22 నిమిషాల 50 సెకన్లు వస్తుంది. పరీక్షలో మొదటి దశలు ముగిసేసరికి సరిగ్గా అంతసేపు పడుతుంది. ఆ తర్వాత ఒక్క సెకను గడిచిందంటే చాలు, కారు తన పద్ధతి మార్చేసేది. అప్పుడు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి తొమ్మిది రెట్ల దాకా ఉండేవి. ఎవరో కూర్చుని, ఆలోచించి, లెక్కపెట్టి రాస్తే తప్ప కంప్యూటర్‌లోకి ఆ అంకె రాదు.

మరి ఇలాంటి మోసం ఎలా బయటపడింది? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2013లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో డాన్ కార్డర్ నాయకత్వంలో ఒక చిన్న బృందం మూడు డీజిల్ బండ్లని తీసుకుంది. ఆ బృందంలో మార్క్ బెష్, అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న ఉన్నారు. వీరిలో చివరి ఇద్దరూ భారతదేశం నుంచి చదువుకోవడానికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళకి ఏ కంపెనీ మీదా అనుమానం లేదు. డీజిల్ కార్లు రోడ్డు మీద ఎంత శుభ్రంగా ఉన్నాయో చూద్దామనుకున్నారు, అంతే. కొలిచే యంత్రాలని బండి వెనక సర్దుకుని కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. ఒక కారునైతే లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ దాకా నడిపి, మళ్ళీ వెనక్కి తెచ్చారు.

ఫోక్స్‌వ్యాగన్ జెట్టా పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదిలింది. పసాట్ 5 నుంచి 20 రెట్లు వదిలింది. ఇవి రెండూ చిన్న కార్లు. మూడో బండి అన్నిటికంటే పెద్దది, బరువైనది, బీఎండబ్ల్యూ ఎక్స్5 అనే ఎస్‌యూవీ. పెద్ద బండి కదా, ఎక్కువ పొగ వదులుతుందని మీరూ అనుకుని ఉంటారు. అది మాత్రం కొండదారులు తప్పిస్తే దాదాపు అంతటా పరిమితి లోపలే ఉంది! అంటే డీజిల్ బండి శుభ్రంగా నడవడం కుదరని పనేమీ కాదు. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం ఇదే.

అవే జెట్టా, పసాట్ కాలిఫోర్నియా ప్రయోగశాలలో రోలర్ల మీద పెడితే చక్కగా నెగ్గాయి. 2014లో బృందం ఫలితాలు ప్రకటించింది. అధికారులు అడిగితే కంపెనీ ఏడాదికి పైగా ఏవేవో సాంకేతిక కారణాలు చెప్పింది. చివరికి 2015 సెప్టెంబరు 18న మొదటి నోటీసు వచ్చింది. అది 2 లీటర్ల చిన్న ఇంజన్ల గురించి. నవంబరు 2న వచ్చిన రెండో నోటీసు ఎస్‌యూవీలలోని 3 లీటర్ల ఇంజన్ల గురించి. మొదట కంపెనీ కాదంది. అదే నెల 19న ఒప్పుకుంది. 2009 నుంచి 2016 దాకా అమ్మిన మోడళ్ళన్నిటిలోనూ ఇదే సంగతి. అమెరికాలో అలాంటి బండ్లు 80,000 పైచిలుకు ఉన్నాయి.

ఇప్పుడు ఆ యజమానుల స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. "క్లీన్ డీజిల్" అన్న ప్రకటన చూసి కొన్నారు. గాలికి మంచి చేస్తున్నామనుకుని కొన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే వార్త వచ్చింది. అధికారులేమో బండి నడపడం చట్టప్రకారం తప్పు కాదు, భయపడాల్సిన పని లేదు అన్నారు. కానీ అమ్ముదామంటే ధర పడిపోయింది. బాగుచేయిస్తే బండి బలం తగ్గుతుందేమో, డెఫ్ ఎక్కువ తాగుతుందేమో అని అనుమానం. వీటన్నిటికీ డబ్బుతో జవాబు చెప్పొచ్చు. కానీ పిల్లల్ని బడి దగ్గర దించడానికి వరసలో ఇంజన్ ఆపకుండా నిలబడ్డప్పుడు మనసులో వచ్చే ప్రశ్నకి పరిహారం సరిపోదు.

2017 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలో జడ్జి చార్లెస్ బ్రేయర్ ఒప్పందానికి ఆమోదం తెలిపారు. 2009 నుంచి 2012 దాకా వచ్చిన పాత టూరెగ్, క్యూ7 బండ్లు సుమారు 20,000. వాటిని పూర్తిగా బాగుచేయడం కుదరదు కాబట్టి కంపెనీ వెనక్కి కొనుక్కోవాలి. ఆ తర్వాతి మోడళ్ళని ఉచితంగా బాగుచేసి, పైగా సుమారు 7,000 నుంచి 16,000 డాలర్ల దాకా పరిహారం ఇవ్వాలి. యజమానులకి డబ్బు వచ్చింది. మరి ఆ గాలి పీల్చినవాళ్ళకి? గాలిని బాగుచేసే పనుల కోసం కంపెనీ 290 కోట్ల డాలర్లకు పైగా విడిగా కట్టాల్సి వచ్చింది. చాలా రాష్ట్రాలు అందులోంచి కొంత డబ్బుతో పాత డీజిల్ స్కూల్ బస్సులు తీసేసి కొత్తవి కొన్నాయి. మీరు అమెరికాలో ఉంటే, మీరెక్కే బస్సు వాటిలో ఒకటేమో!

తాతయ్యతో ఫోన్‌లో

ఇద్దరిద్దరుగా చదవండి. తాతయ్య మాట గుంటూరు వైపు యాసలో ఉంటుంది, గమనించండి.

మనవరాలు: తాతయ్యా, నువ్వు పొలంలో యూరియా చల్లేవాడివి కదా?
తాతయ్య: చల్లేవాణ్ణమ్మా, వరికి. బస్తాలకి బస్తాలు. ఎందుకడిగావ్?
మనవరాలు: ఇక్కడ డీజిల్ కార్లలో కూడా పోస్తారు, తెలుసా?
తాతయ్య: కారుకి యూరియా ఏందే! ఏపుగా పెరుగుద్దా?
మనవరాలు: పెరగదు తాతయ్యా! పొగలో చెడ్డ వాయువుని విరగ్గొడుతుంది. ఒక కంపెనీ కార్లేమో పరీక్షప్పుడు బాగా చిమ్మి, రోడ్డెక్కాక పిసినారితనం చూపించేవి.
తాతయ్య: ఓహో! ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజే బడికొచ్చే పంతులు లాగా అన్నమాట.
మనవరాలు: అచ్చం అంతే!
తాతయ్య: మన దేశంలో కూడా అమ్మారా?
మనవరాలు: అమ్మారు. ఇంజన్ వేరు కానీ వాటి మీదా గొడవైంది. 2015లో 3 లక్షలకు పైగా కార్లని వెనక్కి పిలిచారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేస్తే కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్ళింది.
తాతయ్య: సరే గానీ, ఆ పొగ వదిలింది ఎవరంటావ్? కారు చేసినోడా, తోలినోడా?
మనవరాలు: మా క్లాసులో గొడవంతా దాని మీదే, తాతయ్యా.

మాట వెనక మాట

తాతయ్య ప్రశ్నకి జవాబు వెతకడానికి తెలుగు క్రియలు బాగా పనికొస్తాయి. ఈ రెండు వాక్యాలు చూడండి.

కంపెనీ మోసం చేసింది.
యజమానులు మోసపోయారు.

"చేయు" అంటే పని చేసినవాళ్ళు. "పోవు" చేరితే ఆ పని ఎవరి మీద పడిందో వాళ్ళు. నష్టపోయారు అన్నా ఇలాగే. ఇంకో జత: "విద్యార్థులు నిజాన్ని బయటపెట్టారు" అంటే వాళ్ళ కష్టం కనిపిస్తుంది. "నిజం బయటపడింది" అంటే అదేదో దానంతట అదే దొర్లుకుంటూ వచ్చినట్టు ఉంటుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన మాట "జరిగింది". "పొరపాటు జరిగింది" అన్న వాక్యంలో మనిషే లేడు! "మేము తప్పు చేశాం" అంటే మనిషి ఉన్నాడు. తప్పు చేసినవాళ్ళు మొదటి వాక్యాన్నే ఇష్టపడతారు, ఏ భాషలోనైనా. మీరు గ్లాసు పగలగొట్టినప్పుడు అమ్మతో "గ్లాసు పగిలింది" అంటారా, "పగలగొట్టాను" అంటారా?

మీ వంతు

1. "ఆ కార్లలో ఒక లోపం జరిగింది. కొందరికి ఇబ్బంది కలిగింది." ఈ రెండు వాక్యాల్లోనూ ఎవరు చేశారో, ఎవరికి కలిగిందో స్పష్టంగా తెలిసేలా తిరగరాయండి.

2. నిజం తెలిసింది, బాగుచేసే మార్గం ఇంకా రాలేదు. ఆ మధ్య నెలల్లో యజమాని కారు నడపొచ్చా? క్లాసులో సగం మంది "నడపొచ్చు" అని, సగం మంది "నడపకూడదు" అని వాదించండి. ఇంట్లో అది ఒక్కటే బండి అయితే మీ జవాబు మారుతుందా?

3. మీరు టూరెగ్ యజమాని అనుకుని కంపెనీకి పది వాక్యాల ఉత్తరం రాయండి. "మోసపోయాను", "నష్టపోయాను", "బయటపెట్టారు" అనే మాటలు అందులో రావాలి. "జరిగింది" అనే మాట ఒక్కసారి కూడా రాకూడదు.

4. తాతయ్యకో, అమ్మమ్మకో, మామయ్యకో ఫోన్ చేసి అడగండి: వాళ్ళ ఊళ్ళో బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు, పొగని ఎలా కొలుస్తారు? వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకుని వచ్చే వారం తీసుకురండి.