హార్ట్ ఫెయిల్యూర్: రోగికీ తోడు కావాలి, చూసుకునేవారికీ తోడు కావాలి

"హార్ట్ ఫెయిల్యూర్" అని డాక్టరుగారు చెప్పగానే చాలామంది గుండె ఆగిపోతుందేమోనని భయపడతారు. దాని అర్థం అది కాదు. గుండె కండరం బలహీనపడి లేదా బిరుసెక్కి, శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోవడమే ఈ జబ్బు. అప్పుడు ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు వాస్తాయి, నడిస్తే ఆయాసం వస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. చాలామంది దీనిని మందులతో, జాగ్రత్తలతో జీవితాంతం అదుపులో ఉంచుకోవాలి.

మేము నేర్చుకున్న పాఠం

చాలా ఏళ్లు మేము డిశ్చార్జి రోజున మంచం పక్కన నిలబడి "ఉప్పు తగ్గించండి, మాత్రలు మానకండి" అని చెప్పి పంపేవాళ్లం. అందరూ తల ఊపేవారు. కొందరు నెల తిరక్కుండానే మళ్లీ ఆయాసంతో వచ్చేవారు. అడిగితే "అన్నీ సరిగానే వాడామమ్మా" అనేవారు.

రోగులను, ఇంటివారిని ఒకచోట కూర్చోబెట్టినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఒక పెద్దాయన "పెళ్లికి బస్సులో పోవాలి, మాటిమాటికీ మూత్రానికి దిగలేనని నీరు తీసే మాత్ర మానేశాను" అన్నారు. వెంటనే మరో ఇద్దరు "మేమూ అంతే" అన్నారు. మాతో చెప్పడానికి సిగ్గుపడ్డ మాట తోటి రోగి ముందు సులువుగా వచ్చింది. ప్రయాణం రోజున మాత్ర ఏ వేళకు వేసుకోవాలో డాక్టరుగారిని అడిగి మార్చుకోవచ్చు గాని, మానకూడదని ఆ రోజు అందరికీ తెలిసింది.

ఒక అమ్మ "ఉప్పు తగ్గిస్తే ఆయన కంచం తోసేస్తారు. గొడవ పడలేక ఆవకాయ వేస్తాను" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. పక్కనున్నామె "వదినా, మా ఇంట్లో అందరికీ ఒకే కూర. ఉప్పు తగ్గించి నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు వేస్తాను. కొన్ని వారాలకు నాలుక అలవాటు పడింది" అన్నారు. మేము ఇచ్చిన కాగితం కంటే ఆ మాట బాగా పనిచేసింది.

చూసుకునేవారి సంగతి

రోగిని అందరూ "ఎలా ఉంది?" అని అడుగుతారు. రాత్రి మూడుసార్లు లేచి దిండ్లు సర్దే భార్యను, కూలి మానుకొని ఆసుపత్రికి తీసుకొచ్చే కొడుకును ఎవరూ అడగరు. వారికి నిద్ర చాలదు, తమ బి.పి. మాత్రే మరచిపోతారు. ఒక్కోసారి విసుక్కుంటారు, తరువాత బాధపడతారు. అది ప్రేమ లేక కాదు, అలసట వలన. ఆ మాట చెప్పుకునే చోటు వారికీ ఉండాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. 1951లో అమెరికాలోని బోస్టన్‌లో గుండె ఆపరేషన్ చేయించుకున్న నలుగురు రోగులు, డాక్టర్ డ్వైట్ హార్కెన్ ప్రోత్సాహంతో, తమవంటివారికి ధైర్యం చెప్పడానికి 'మెండెడ్ హార్ట్స్' అనే సంఘాన్ని ప్రారంభించారు.

బృందం ఎలా నడపాలి?

ఎనిమిది, పది కుటుంబాలు నెలకొకసారి ఒక గంట కలిస్తే చాలు. మెట్లు ఎక్కనవసరం లేని గది కావాలి. ఒక నర్సు ఉంటే మంచిది. అక్కడి మాట బయటకు పోకూడదు. ఒకరి మాత్ర మరొకరు వాడకూడదు. బృందం డాక్టరుకు బదులు కాదు.

ప్రతిసారీ గుర్తుచేసుకోవలసినవి:

1. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చి, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసుకోవాలి. 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే డాక్టరుకు చెప్పాలి.

2. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపల ఉప్పు కూడా ఆ లెక్కలోదే. నీళ్లు డాక్టరు చెప్పినంతే తాగాలి.

3. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. వాటిలో చాలా రకాలు ఒంట్లో నీరు నిలుపుతాయి.

4. కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి.

ఈసారి చెకప్‌కు వచ్చేటప్పుడు ఇంట్లో మిమ్మల్ని చూసుకునేవారిని కూడా వెంట తీసుకురండి. "మీరెలా ఉన్నారు?" అని వారినీ అడుగుతాం.