స్టూడియో ఫ్లోరుకు కిటికీలెందుకు లేవు?

సినిమా స్టూడియోలో 'ఫ్లోరు' అనే పెద్ద షెడ్డుకు సాధారణంగా కిటికీలుండవు. ఎందుకని?

1893లో అమెరికాలో ఎడిసన్ కట్టించిన 'బ్లాక్ మరియా' స్టూడియోకు పైకప్పు తెరుచుకునేది. ఎండను బట్టి గది మొత్తం గుండ్రటి పట్టాలమీద తిరిగేది. అప్పటి బొమ్మకు మాట లేదు, వెలుతురొక్కటే కావాలి. 1931లో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' బొంబాయిలో తీసేటప్పుడు పక్కనే రైలు పట్టాలు! రైళ్ళ రొద తగ్గిన అర్ధరాత్రి తర్వాతే చాలావరకు షూటింగు జరిపారు.

కనుక ఫ్లోరుకు రెండు పనులు. బయటి చప్పుడు లోనికి రాకూడదు; అందుకు బరువైన మందపాటి గోడలు. లోపలి మాట గోడకు తగిలి తిరిగి రాకూడదు. అందుకు సన్నని రంధ్రాలున్న మెత్తటి పొర. ధ్వని తరంగం ఆ రంధ్రాలలో దూరి, రాపిడివల్ల వేడిగా మారిపోతుంది. నున్నటి గోడైతే తిప్పికొడుతుంది. సెకనుకు సుమారు 340 మీటర్లు పోయే ధ్వని 17 మీటర్ల దూరపు గోడను తాకి వచ్చేసరికి సెకనులో పదోవంతు గడుస్తుంది. ఆలోగా నోట్లోంచి వచ్చిన రెండో అక్షరంమీద మొదటిది వచ్చి పడుతుంది.

మాది వ్యవసాయ కుటుంబం. ఖాళీ గోదాములో నాన్న పిలిస్తే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బస్తాలు నిండాక అదే గొంతు స్పష్టంగా వినబడేది. క్లాసులో ధ్వని శోషణం చెప్పిన రోజున నాకా గోదామే గుర్తొచ్చింది.

మన హాల్లో నాటకం వేస్తే వెనక బెంచీలవాళ్ళు మాట తెలియక ఈలలు వేస్తారు. తప్పు నటులది కాదు, బోసిగోడలది. వచ్చే ఏడు గోడలకు కాస్త ఎడంగా మందపాటి బొంతలు కట్టి చూద్దాం, మిత్రులారా!