పాలచెట్లను గుర్తించుట ఎట్లు?

మర్రి, రావి, జువ్వి, మేడి ఒకే కుటుంబమునకు చెందిన చెట్లు. దేని ఆకు తుంచినను పాలు కారును. అందువలన లేతమొక్కలుగా నున్నప్పుడు ఒకదానిని మరియొకటిగా భ్రమించుట కలదు. పంచాయతీ నేడు నాటించిన మొక్క మూడు తరములవరకు నిలుచును. పొరపాటును తరువాత దిద్దుట కష్టము.

ముందుగా ఆకు కొనను పరిశీలింపవలెను. రావి ఆకు హృదయాకారముగా నుండి, కొన తోకవలె సాగియుండును. కాడ పొడవగుటచే చిరుగాలికే కదలును. మర్రి ఆకు దళసరిగా, వెడల్పుగా నుండి, కొన మొద్దుగా నుండును. జువ్వి, మేడి ఆకులు రెండును కోలగానే యుండును. కావున ఆకునుబట్టి తేల్చుట కష్టము. వీని విషయమున విత్తనమిచ్చిన తల్లిచెట్టును చూడవలెను. మేడికాయలు బోదెకును, పెద్దకొమ్మలకును గుత్తులుగా కాచును. జువ్వికాయలు చిన్నవి, సన్నని రెమ్మలపై కాచును.

పెరిగిన మర్రికి ఊడలు దిగును, మేడికి దిగవు.

ఈ చెట్ల వేళ్లు కట్టడములను చీల్చగలవు. బావులకు, బడిగోడలకు దూరముగా, విశాలమైన స్థలముననే నాటవలెను. పక్షుల రెట్టతో గోడ పగుళ్లలో మొలచిన మొక్కలను వేళ్లూనకముందే తీసివేయవలెను.

నాటుటకు తీర్మానము చేయుటకు ముందు సభ్యులు ఆకును చేతబట్టి చూతురుగాక!