చెక్కపలకా, ఉక్కు కడ్డీ

ఈసారి కంప్యూటర్ల గోల కాస్త పక్కన పెట్టి ఒక పాత రికార్డు గురించి చెబుతాను. 1954లో కేపిటల్ కంపెనీ విడుదల చేసిన 'టూ గిటార్స్ కంట్రీ స్టైల్'. ఇందులో పాడేవారెవరూ లేరు. జిమ్మీ బ్రయంట్ గిటారు, స్పీడీ వెస్ట్ స్టీల్ గిటారు, పోటాపోటీగా సాగుతాయి. మొదట విన్నప్పుడు టేపు వేగం పెంచారనుకున్నాను. ఆ రోజుల్లో లెస్ పాల్ అలాంటి ప్రయోగాలు చేసేవాడు మరి. ఇంటికొచ్చిన మిత్రులకు కూడా ఆ మాటే ధీమాగా చెప్పాను. తప్పు చెప్పాను. కిటుకు టేపులో లేదు, వేళ్ళలోనూ వాద్యాల్లోనూ ఉంది.

మామూలు గిటారు ఒక డొల్ల పెట్టె. తీగెతోపాటు పెట్టె కంపిస్తేనే ధ్వని పెరుగుతుంది. దాన్ని విద్యుత్తుతో ఇంకా పెంచితే స్పీకరు ధ్వని మళ్ళీ పెట్టెను కదిలిస్తుంది, ఆ కదలిక మళ్ళీ స్పీకరుకి చేరుతుంది, చివరకు కీచుమని కూత మొదలవుతుంది. (మైకు కూయని తెలుగు సభ నాకింతవరకు తగల్లేదు.)

లియో ఫెండర్ ఆ డొల్లనే తీసేశాడు. ఆయన రేడియోలు బాగుచేసేవాడు, గిటారు వాయించడం రాదు. గట్టి చెక్కపలక మీద తీగెలు బిగించి, వాటి కింద అయస్కాంతాలు, చుట్టూ సన్నని రాగితీగె చుట్ట అమర్చాడు. ఉక్కు తీగె కదిలితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. 1950లో బజారుకొచ్చిన ఈ గిటారుకి 1951లో టెలికాస్టర్ అని పేరు మారింది. దాన్ని తొలిరోజుల్లోనే చేపట్టినవారిలో బ్రయంట్ ఒకడు. ఎంత వేగంగా మీటినా ఏ స్వరానికాస్వరం విడిగా వినిపిస్తుంది.

ఇక వెస్ట్ వాద్యం. గోటువాద్యం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తీగెల మీద ఉక్కు కడ్డీని జారుస్తారు. జారుళ్ళకు కొదవలేదు కాని ఒక చిక్కుంది. కడ్డీ తిన్నగా ఉంటుంది కనుక దాని కిందున్న తీగెలన్నీ ఒకే మేర మారతాయి. అందువల్ల కొన్ని స్వరాలను కలిపి పలికించడం కష్టం. మోటారు సైకిళ్ళ తయారీలో పనిచేసిన పాల్ బిగ్స్‌బీ 1948లో వెస్ట్‌కి ఒక వాద్యం చేసిచ్చాడు. దానికి కాలితో తొక్కే పెడళ్ళున్నాయి. తొక్కితే ఆ పెడల్‌కి తగిలించిన తీగెల బిగువే మారుతుంది, మిగతావి కదలవు. నా మటుకు నాకు ఫెండర్ పలక కన్నా ఇదే గొప్ప ఆలోచన. అన్నట్టు అదే సంవత్సరం గట్టి చెక్క గిటారు కూడా బిగ్స్‌బీ మెర్ల్ ట్రావిస్‌కి చేసిచ్చాడు. ఎవరు ముందన్న తగాదాలోకి నేను దిగను.

రికార్డు మోనో, అంటే కుడి ఎడమలను బట్టి వాద్యాలను పోల్చుకోలేం. స్వరం మొదలే పదునుగా తెగితే అది బ్రయంట్. కిందినుంచి జారుకుంటూ పైకొస్తే వెస్ట్. ఆయన అప్పుడప్పుడు కడ్డీని తీగెల మీద దభీమని పడేస్తాడు కూడా. స్పీకరు పాడైందని కంగారు పడకండి.